పోయొస్తా అనని గొంతు

చిన్నపోలయ్య సముద్రం మీదికి పోయి రెండు నెలలు కావస్తోంది. అతని ఫైబర్ బోటు ఒక్కటే, ఇంజను ఆగిపోయి, సగం వల నీళ్లలో వేలాడేసుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి జాడ లేదు. జాలర్ల పాళెంలో అతను చిన్నపోలయ్య గాని, టీవీ చూసే తెలుగు పిల్లలకు మాత్రం ‘ఒడ్డు బడి’ కార్యక్రమంలోని ఎండ్రకాయ మామ. ఆ బొమ్మకు గొంతు అతనిదే, లోపల ఆడే చెయ్యీ అతనిదే.

‘ఒడ్డు బడి’ని రాసేదీ తీసేదీ సాహిరా. రాబోయే ఆదివారం భాగంలో ఎండ్రకాయ మామ చనిపోయాడని పిల్లలకు చెప్పేయాలని ఆమె రాసుకుంది. ఛానల్లో కార్యక్రమాల పెద్ద నరేంద్రబాబు ససేమిరా అన్నాడు. శవం దొరకని మనిషిని చనిపోయాడని ఎలా అంటామన్నాడు. ‘పోయాడు’ అని మెత్తగా అనేసి ఊరుకుందామన్నాడు, లేదంటే పాత రికార్డింగులు పెట్టుకుని యంత్రం చేత అదే గొంతు పలికిద్దామన్నాడు. సాహిరా రెండింటికీ ఒప్పుకోలేదు. అయితే చిన్నపోలయ్య భార్య పేరమ్మ ఊ అంటే తప్ప తన మాట కూడా బయట పెట్టనని, శనివారం పొద్దు వాలుతుండగా నెల్లూరు నుంచి పాళేనికి వచ్చింది. గడప దగ్గరే ఆమె కాళ్లు ఆగిపోయాయి. పేరమ్మ చేతుల నిండా కొత్త మట్టిగాజులున్నాయి.

సాహిరా చూపు ఎక్కడుందో పేరమ్మ కనిపెట్టింది. చేతులు దాచుకోలేదు. రా సాహిరమ్మా అని లోపలికి పిలిచి, చాప పరిచి, చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. గోడవార రోజారమణి కూర్చుని గవ్వలాడుకుంటోంది. కొడుకు ముఖేష్ కూతురది, ఆరేళ్ల పిల్ల. తల్లి రెండో కాన్పుకని నాయుడుపేటలో పుట్టింటికి పోయింది. ముఖేష్ నెల్లూరులో సాహిరా దగ్గరే సౌండు పని చేస్తాడు గనుక వారానికోసారి గాని ఇంటికి రాడు. పిల్లకు తాతా నానమ్మే లోకం. అందులో సగం సముద్రం పాలైంది.

ఇంతకాలం సాహిరా పిల్లలకు గ్రహణం గురించి చెప్పింది, తుఫాను గురించి చెప్పింది, చేపకు ఊపిరి ఎలా ఆడుతుందో చెప్పింది. ఎంత కష్టమైన సంగతైనా చిన్న మాటల్లోకి దించడమే ఆమె చేసిన పని. ఇప్పుడు ఒక పెద్దమనిషి ముందు కూర్చుని ఒక్క మాట దొరక్క నీళ్లు నమిలింది.

సాహిరాది దగ్గర్లోని కోట అనే ఊరు. తండ్రి హుస్సేన్ సాహెబ్ దర్జీ. అంగడిలో మిగిలిన గుడ్డపీలికలతో బొమ్మలు కుట్టి, వాటిని ఆడిస్తూ బళ్లో పాఠాలు చెప్పేది ఆమె. ఆ బొమ్మలే ఆమెను టీవీ దాకా తీసుకుపోయాయి. ఒడ్డున చేపల వేలం పాడుతున్న చిన్నపోలయ్య గొంతు విన్న రోజు, ఎండ్రకాయ బొమ్మకు ఇన్నాళ్లూ ఏం తక్కువైందో ఆమెకు తెలిసింది. ఛానల్ వాళ్లు మొదట్లో ఎండ్రకాయ అంటే అందరికీ తెలియదు, పీత అనండి అన్నారు. పిలకాయలేమిటి, పిల్లలు అనండి అన్నారు. ఆమె గోడలా నిలబడింది. ఏడాది తిరిగేసరికి గుంటూరులోనూ వరంగల్లులోనూ పిల్లలు అమ్మల వెంటపడి ఎండ్రకాయ కావాలని ఏడవసాగారు, ఛానల్ పెద్దలు నోరు మూసుకున్నారు.

ఆమెకొక పద్ధతుంది. రాసినదాన్ని షూటింగుకు ముందు ఒక పిల్లకు చదివి వినిపిస్తుంది. ఆపి, ‘నేనేం చెప్పినా?’ అని అడుగుతుంది. పిల్ల ఇంకేదో చెప్పిందంటే తప్పు పిల్లది కాదు, మాటది. ఆ మాట కొట్టేస్తుంది. చిన్నపోలయ్య ఉండగా ఆ పరీక్ష రోజారమణి దగ్గరే జరిగేది. నరేంద్రబాబు ఇచ్చిన ‘పోయాడు’ను ఎవరికీ వినిపించకుండానే కొట్టేసింది. ఆ మాటలో పెద్దవాళ్లకు చావు వినిపిస్తుంది, ఆరేళ్ల పిల్లకు ప్రయాణం వినిపిస్తుంది. ప్రయాణం పోయిన మామ కోసం పిల్ల ప్రతి ఆదివారం టీవీ ముందు కూర్చుంటుంది. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడటం ఆఫీసుల్లో చెల్లుతుంది గాని పిల్లల దగ్గర చెల్లదు.

చివరికి, పిల్ల గవ్వలు తీసుకుని వాకిట్లోకి పోగానే, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఏం రాసిందో చెప్పింది, ఎందుకు రాసిందో చెప్పింది. ఊళ్లూళ్ల నుంచి పిల్లలు ఎండ్రకాయ మామ ఏడని అడుగుతున్నారని, ఇన్నేళ్లలో వాళ్లకు తను అబద్ధం చెప్పింది లేదని, ఇప్పుడు చెప్పలేనని చెప్పింది. నువ్వు వద్దంటే మాత్రం ఆ భాగం ఆపేస్తానక్కా అంది.

పేరమ్మ అంతా విన్నది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తలుపు వారగా ఆరేసిన ఎండుచేపలను ఒకసారి చూసి, మళ్లీ సాహిరా వైపు తిరిగింది.

“నీ పిలకాయలకి నిజం కావాల. నాకు ఆయన కావాల. ఇద్దురికీ నువ్వే న్యాయం చేస్తానంటే ఎట్టమ్మా?”

పేరమ్మ గొంతు పెంచకుండానే చెప్పుకుపోయింది. ఊరి పెద్దలు ఇప్పటికే వచ్చి వాకిట్లో కూర్చుని పోయారట. ఇంకెన్నాళ్లు, ఏదో ఒక రోజు చూసి కార్యం జరిపిద్దామంటున్నారట. కార్యమంటే ఏమిటో పాళెంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గాజులు పగలగొడతారు, బొట్టు చెరిపేస్తారు. వాళ్లను ఇప్పటిదాకా ఎలాగో వెనక్కి పంపింది. టీవీలో, అందులోనూ సాహిరా నోట, చిన్నపోలయ్య చనిపోయాడని వచ్చిందంటే ఇక వాళ్లను ఆపడానికి తన దగ్గర మాట ఉండదంది. తెల్లారేసరికి తన చేతులు బోసిపోతాయంది.

అది సాహిరాకు తట్టని సంగతి. పిల్లల వైపు నుంచి ఆ మాటను నలుగు పెట్టి కడిగింది గాని, అది ఒక ఆడమనిషి చేతుల మీద పడుతుందని ఆలోచించలేదు. సిగ్గుపడింది. భాగం ఆపేస్తానని చెప్పి లేవబోయింది.

“ఆయన ఉండాడు సాహిరమ్మా” అంది పేరమ్మ. “ఫోను చేస్తా ఉండాడు.”

సాహిరా మళ్లీ కూలబడింది. నాలుగైదు రోజులకొకసారి, దీపాలు పెట్టే వేళకు ఫోను వస్తోందట. నంబరు ఎవరిదో తెలియదట. రోజారమణితోనే మాట్లాడతాడట. ఈ సంగతి అప్పుడే లోపలికి వచ్చిన పిల్లే అందుకుని చెప్పింది. తాత చానా దూరాన ఉండాడంది, అందుకే ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆలస్యమైతుందంది, సిగ్నల్ అలల మీద రావాల గదా అంది. ఇదీ ‘ఒడ్డు బడి’లో నేర్చిన సైన్సే. సాహిరా నవ్వలేకపోయింది.

ఆశ అనేది తెలివైన వాళ్ల దగ్గరికి కూడా అడక్కుండానే వస్తుంది. ఎవరో విదేశీ ఓడ వాళ్లు కాపాడి ఉంటారని, ఏదో దీవిలో పడి ఉంటాడని, కాగితాలు లేక ఏ జైల్లోనో ఉంటాడని సాహిరా మనసు క్షణంలో కథలల్లేసింది. కథలల్లడమే ఆమె వృత్తి. తను రాసిన భాగాన్ని చించేయాలని, ఆదివారం ఉదయం పిల్లలందరికీ ఈ కబురే చెప్పాలని అనుకుంది. మనిషి బతికుంటే రాసిన కాగితం ఎవరికి కావాలి?

దీపం పెట్టాక ఫోను మోగింది. రోజారమణి ఎగిరి అందుకుని, అలవాటుగా స్పీకరు నొక్కింది.

“రోజమ్మా, అన్నం తిన్నావా?”

అతని గొంతే. వేలంపాటలు పాడి పాడి అంచుల్లో కాస్త చిరిగిన గొంతు. సాహిరాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గొంతును ఆమె హెడ్‌ఫోన్లలో విన్నంతగా ఎవరూ విని ఉండరు. పిలవాలనుకుంది. పేరమ్మ మోకాలి మీద చెయ్యి వేసి వద్దన్నట్టు నొక్కింది.

ఇంకా తినలేదని, సాహిరమ్మ వచ్చిందని పిల్ల చెప్పింది. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, గొంతు వెనకాల, గలగలమని నీళ్లు చిలికే చప్పుడు సాహిరా చెవికి తగిలింది. అది సముద్రం కాదు. రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల చప్పుడు. పాళేనికి రెండు మైళ్లలో రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవి అవే. అంటే ఫోను దూరదేశం నుంచి కాదు, ఈ దగ్గర్లోంచే వస్తోంది.

“నానమ్మ మాట ఇను. బాగా తిను. ఇంక పోతుండా” అంది గొంతు. ఫోను ఆగిపోయింది.

రోజారమణి ఫోను గూట్లో పెట్టి, తాత చెప్పాడు గనుక అన్నం పెట్టమని కంచం తెచ్చుకుంది. సాహిరా మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది.

పోతున్నానని గడపలో ఎవరూ అనరు. మామూలు ఇళ్లలోనే అనరు, ఇక సముద్రం మీదికి పోయే ఇంట్లో పసిపిల్లలు కూడా అనరు. మొదటి ఏడాది ఛానల్ నుంచి వచ్చిన ఎవరో కుర్రాడు భాగం చివర ‘ఇక వెళ్తున్నా పిల్లలూ, టాటా’ అని రాసిచ్చాడు. చిన్నపోలయ్య బొమ్మలోంచి చెయ్యి తీసేసి పక్కన కూర్చున్నాడు. నోటితో అట్ట అనగూడదు తల్లీ, సముద్రం ఇంటది అన్నాడు. ఎంత బతిమాలినా పలకలేదు. అప్పుడు సాహిరాయే ఆ ముక్కను ‘పోయొస్తా పిలకాయలా’ అని మార్చింది. ఆ రోజు నుంచి ప్రతి భాగం ఆ మాటతోనే ముగిసింది. ఇన్నేళ్ల రికార్డింగుల్లో ఎక్కడ వెతికినా అతని నోట ‘పోతుండా’ అన్నది దొరకదు. దొరకని మాట ఫోన్లో వినబడిందంటే ఎవరో పని పెట్టుకుని తయారు చేశారన్నమాట.

యంత్రం. నరేంద్రబాబు చేద్దామన్నది అప్పటికే ఎవరో చేసేశారు. రికార్డింగులు ఉన్నవి సాహిరా స్టూడియోలో. వాటి తాళాలు ముఖేష్ దగ్గర.

పిల్ల అన్నం తినేదాకా ఆమె నోరు విప్పలేదు. తిన్నాక, పక్కింటి ఆనందకుమారి దగ్గర ఆడుకోమని పేరమ్మ దాన్ని పంపేసింది. ఇప్పుడీ మనిషికి ఎలా చెప్పాలి? ఉన్న ఒక్క ఆశనూ తన నోటితోనే తుంచేయాలి. సాహిరా దగ్గరికి జరిగి, అక్కా, ఆ ఫోనూ అని మొదలుపెట్టింది.

“నాకు తెలుసు” అంది పేరమ్మ. “మొదటి దినమే తెలుసు. అన్నేళ్లు కాపురం చేసిన మొగోడు, బిడ్డతో మాట్లాడి పెండ్లాన్ని పలకరీకుండా ఫోను పెట్టేస్తాడా?”

సాహిరా విస్తుపోయి చూసింది. మరెందుకు ఊరుకున్నావక్కా అని అడిగింది.

పేరమ్మ పిల్ల తిన్న కంచం తీసి పక్కన పెట్టింది. తాత రాని నాటి నుంచి రోజారమణి ముద్ద ముట్టలేదని చెప్పింది. కోట ఆసుపత్రిలో గ్లూకోసు ఎక్కించారు, తాయెత్తు కట్టించారు, ఏదీ పని చేయలేదు. ఫోను వచ్చిన రోజు పిల్ల తానే అడిగి రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. అది చూశాక ఇంకేం అడగబుద్ధి కాలేదంది. ఊరి పెద్దలు వచ్చినప్పుడు కూడా ఆ ఫోనే అడ్డం పెట్టుకుంది. ఆయన మాట్లాడుతుంటే మీరు కార్యమేందని గట్టిగా అడిగి, వాళ్ల ముందే కొత్త గాజులు తొడుక్కుంది. అబద్ధమని తెలిసే తొడుక్కుంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అది గడ్డిపోచేనని తెలియక పట్టుకుంటాడా?

నిజం, అబద్ధం అని సాహిరా ఇన్నాళ్లూ గీసిన గీత ఈ ఇంట్లో ఎక్కడ పడుతుందో ఆమెకే అర్థం కాలేదు. ముఖేష్ మీద కోపం వచ్చింది, అంతలోనే జాలీ వచ్చింది. కూతురు తిండి మానేస్తే ఏ తండ్రయినా ఏం చేయడు? పేరమ్మ చెయ్యి పట్టుకుని, ముఖేష్ బిడ్డ కోసమే చేసుంటాడక్కా, వదిలెయ్యి అంది. ఆ ‘పోతుండా’ ఒక్కటే తప్పుగా పలికించాడు పాపం అంది.

పేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“తప్పుగా పలికించినాడా? వాడు ఈ గడపలో పుట్టినోడు సాహిరమ్మా. పోయొస్తా అనకుండా ఒక్క దినమన్నా ఇల్లు దాటినోడు కాదు. మొదటి ఫోనులోనూ ఆ మాటే, ఈ పొద్దూ ఆ మాటే. వాళ్ల నాయన నోట పోయొస్తా అనిపించేదానికి వాడికి మనసు రాలేదు. ఎందుకు రాలేదు? ఆయన రాడని వాడికి తెలుసు. మనమందరం అనుకుంటా ఉండాం. వాడికి తెలుసు.”

ఒక మాట ఏం చెబుతుందో, ఏం దాస్తుందో ఆరా తీయడమే సాహిరా బతుకంతా చేసిన పని. ఈ మాటను విని కూడా సగం దగ్గరే ఆగిపోయింది. మిగతా సగం పేరమ్మ రోజూ మింగుతూ కూర్చుంది. కొడుకును అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే గాజులు తీయాలి. అందుకే అడగలేదు.

ఇక ఈ పొద్దు అడుగుతానంది పేరమ్మ. నువ్వు వచ్చినావని బిడ్డ చెప్పింది గదా, వాడు వస్తాడు, నా కొడుకు పారిపోయే రకం కాదంది.

ఎంతోసేపు పట్టలేదు. సందు మొదట్లో మోటారు సైకిలు ఆగింది. ముఖేష్ నడిచి వచ్చి గడపకు అవతలే నిలబడ్డాడు. చొక్కా జేబులో రెండు ఫోన్లు బరువుగా వేలాడుతున్నాయి. సాహిరాను చూసి నమస్కారం పెట్టబోయి, చెయ్యి సగంలోనే దించేశాడు. గడ్డం మాసింది. స్టూడియోలో రోజూ చూసే మనిషే అయినా, ఇంత చిక్కిపోయాడని ఆమె ఇప్పుడే గమనించింది.

పేరమ్మ లేచి నిలబడింది. తిట్టలేదు, కొట్టలేదు.

“మీ నాయన యాడ ఉండాడురా?”

ముఖేష్ తల్లి ముఖం చూశాడు.

“దొరికినాడమ్మా” అన్నాడు.

ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పులికాటు సరస్సుకు ఇంకా కిందుగా, అరవం వాళ్ల ఒడ్డున కొట్టుకొచ్చిన మనిషిని గుర్తుపట్టడానికి తనను పిలిపించారు. పోయి చూశాడు. ముఖం చూసి కాదు, కుడిచేతి మీద పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాడు. ఇంటికి తెచ్చే స్థితిలో లేడు. అక్కడే ఇసుక దిబ్బ వెనకాల మట్టి చేసి వచ్చేశాడు. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక ఒక రోజు ఆగాడు. ఆ రోజే పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయారని కబురు వచ్చింది. ఇక చెప్పలేకపోయాడు.

పేరమ్మ గోడకు ఆనుకుంది. సాహిరా పట్టుకోబోతే వద్దంది. ఏడవలేదు. గాజుల వైపు ఒకసారి చూసుకుని, వీటి మీద ఎవురినీ చెయ్యి వేయనీను, తీసేదైతే నేనే తీస్తానంది. ఆదివారం నాటి ముక్క ముందు నా మనమరాలికి చదువు, దానికి తెలిసినాకే మిగతా పిలకాయలకి అంది. సాహిరా అలాగేనని తలూపింది. అడగడానికి వచ్చిన ‘ఊ’ దొరికింది గాని, దాన్ని అందుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు.

పేరమ్మ మళ్లీ కొడుకు వైపు తిరిగింది.

“మట్టి పోసేటప్పుడు మీ నాయన పక్కన నువ్వు ఒక్కడివే ఉండావా? ఇంకెవురన్నా ఉండారా?”

ఒంటరిగా సాగనంపారేమోనన్నది ఆమె దిగులు. ముఖేష్ గడప ఇవతల నిలబడిన సాహిరా వైపు చూశాడు, కళ్లలో భయం ఉంది.

“నరేంద్రబాబు సారు ఉండాడు మేడం. కారులో నన్ను తీసకపోయింది ఆయనే. ఇంట్లో చెప్పొద్దన్నదీ, ఫోను ఎట్ట చేయాల్నో నేర్పిచ్చిందీ ఆయనే. మనిషి లేడని తెలిస్తే ఆ గొంతును మళ్లీ టీవీలో పలికియ్యనీరని, మీకు మాత్రం ఎప్పుటికీ తెలీకూడదన్నాడు.”